ముప్పై ఒక్క ఆకులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా హిందూపురంలో అందరికీ తెలుసు. ఇంగ్లండులో ఈ షెఫీల్డ్‌కి వచ్చి పంతొమ్మిదేళ్లయినా, ఇన్ని వానల్లో తడిసినా, అది చల్లారలేదు. బస్సు ఆలస్యమైతే కోపం. మీటింగులో మన మాట పూర్తిగా విని 'ఇంట్రెస్టింగ్' అనేసి ఊరుకునేవాళ్లంటే ఇంకా కోపం. అయితే ఈ కథలో నాకు అందరికంటే ఎక్కువ కోపం నా మీదే. నా తర్వాత మా పై అధికారి హెలెన్ మీద. ఆ వరుస తారుమారు కాకుండా చెప్పాలని నా ప్రయత్నం, ఎందుకంటే తప్పు పక్కవాళ్ల మీదకు తోసెయ్యడం నాకు బాగా చేతనవును.

నా పేరు అలివేలుమంగ. ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాయితాలు బాగుచేసే ఉద్యోగం. చిరిగినవి అతికిస్తాను, బూజు దులుపుతాను, పురుగు తిన్న చోట పల్చటి జపాన్ కాయితం వేసి నింపుతాను. నా చేతిపని శుభ్రంగా ఉంటుందని అక్కడ పేరు. ఇప్పుడు ఎవరైనా నా ముందు 'శుభ్రం' అన్నారంటే లాగి ఒకటి ఇవ్వాలనిపిస్తుంది.

మా ఆయన చలపతి ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. పోయిన నవంబరులో ఒకరోజు, వాళ్ల ఆపరేషన్ థియేటర్ నర్సు డెచెన్ వాళ్లింట్లో ఏదో పాత పుస్తకానికి బూజు పట్టిందట, నిన్ను కలవమన్నాను అని చెప్పాడు. డెచెన్ టిబెటన్ అమ్మాయి. పుట్టి పెరిగింది మైసూరు దగ్గర బైలకుప్పె క్యాంపులో. ఇక్కడ ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చే ఫ్లాట్‌లో తండ్రితో ఉంటోంది. ఫ్లాట్ బయటి గోడకు చెమ్మ. ఆ గోడకు ఆనించిన బీరువాలో వాళ్ల నానమ్మ పాటల పుస్తకం. చెమ్మ గురించి కౌన్సిల్‌కి ఆమె రెండేళ్లుగా ఈమెయిళ్లు పెడుతూనే ఉంది, వాళ్లు కిటికీలు తెరిచి ఉంచమని జవాబిస్తూనే ఉన్నారు. వాళ్ల మీద కోపం వేరే లెక్క, ఇక్కడ మొదలుపెట్టను.

శనివారం మధ్యాహ్నం వచ్చింది. గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో మొహమాటపడుతుంటే, బైలకుప్పె కదా అని నేను కన్నడంలో 'ఊట ఆయ్తా?', భోంచేశావా అని అడిగాను. మా హిందూపురం దాటితే కర్ణాటకే, మా చుట్టాల్లో సగం మంది అటువైపే. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. అప్పటినుంచి మేం మాట్లాడుకున్నదంతా కన్నడంలోనే. ఇక్కడ మాత్రం నా నోటికి వచ్చే తెలుగులో రాస్తున్నాను.

పుస్తకానికి చుట్టిన పట్టుబట్ట విప్పింది. రెండు చెక్కల మధ్య ఎనభై నాలుగు ఆకులు, కుట్టు లేకుండా విడివిడిగా, మన తాళపత్రాల్లా పొడుగ్గా. మసితో చేసిన నల్లటి సిరా. కొత్త ఇంటికి దూలం ఎత్తేటప్పుడు పాడేవి, పెళ్లికూతుర్ని సాగనంపేటప్పుడు పాడేవి, గొర్రెల ఉన్ని కత్తిరించేటప్పుడు పాడేవి, అన్నీ వాళ్ల కుటుంబం పాటలే. నానమ్మ టిబెట్ నుంచి మంచుకొండలు దాటి వచ్చేటప్పుడు వీపుకు కట్టుకుని తెచ్చిందట. అప్పుడు డెచెన్ తండ్రి గోంపోకు పద్నాలుగేళ్లు. ఇప్పుడు ఎనభై. ఆ పాటలు పాడగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే మిగిలాడు. డెచెన్‌కు ఒక్కటీ రాదు. చిన్నప్పుడు హాస్టలు, తర్వాత నర్సింగు, తర్వాత ఆసుపత్రి షిఫ్టులు. ఈ చలికాలం డ్యూటీలు తగ్గించుకుని ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోవాలని అనుకుంది. కాని ఆకు ఎదురుగా లేకుండా ఆయన పాడడు. అది వాళ్ల ఇంటి కట్టుబాటు. ఆకులకేమో బూజు.

బూజు కాకుండా ఆకుల మీద జిడ్డు మరకలు కూడా ఉన్నాయి. నేను చూసేలోపే డెచెన్ చెయ్యి అడ్డం పెట్టింది.

"సారీ అక్కా, శానా మురికిగా ఉంది. మావోళ్లు జిడ్డు చేతుల్తోనే పట్టుకుంటారు" అంది.

ఆ సిగ్గు నాకు తెలియనిది కాదు. బాయిలర్ చూడ్డానికి మనిషి వస్తున్నాడంటే జనవరి చలిలో కూడా కిటికీలన్నీ బార్లా తెరిచి, ఇంగువ వాసన పోయేదాకా సెంటు కొట్టే ఇల్లు మాది. అందుకే ఆమె బాధపడకూడదని, దాందేముంది, నేను శుభ్రం చేసేస్తానులే అన్నాను. ఎంతో ప్రేమగా అన్నాను.

సోమవారం హెలెన్ దగ్గరికి వెళ్లాను. మా సేకరణలన్నిటికీ ఆమే అధిపతి. సన్నగా, మెత్తగా, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడుతుంది. ఉచితంగా బాగుచేసి ఇద్దాం అంది. బదులుగా వసంతంలో పెట్టబోయే ప్రదర్శనకు ఎనిమిది ఆకులు ఇవ్వాలి, 'ముందు, తర్వాత' ఫొటోలు కావాలి. నేను చెప్పాను కాబట్టి డెచెన్ చదవకుండా సంతకం పెట్టింది.

మా పనిలో ఒక నియమం ఉంది. ఏ వస్తువు మీద నుంచి ఏది తీసెయ్యాలన్నా ముందు యజమానిని కూర్చోబెట్టి అడగాలి. ఇదేమిటి, ఎవరు చేశారు, ఎందుకు ఉంది అని. ఫారం మొదటి పేజీలోనే దానికో గడి ఉంటుంది, 'వాడుక గుర్తులు' అని. నేను ఆ గడిలో 'లేవు' అని రాశాను. అడగలేదు. సారీ చెప్పిన పిల్లను మళ్లీ ఆ మరకల గురించే అడిగి ఏం చిన్నబుచ్చుతాం అనుకున్నాను. పైగా హెలెన్ ప్రతి శుక్రవారం వచ్చి, తెల్లబడిన ఆకులు చూసి, అద్భుతం మంగా అని మురిసిపోయేది. నేను గంగిరెద్దులా తల ఊపేదాన్ని.

జిడ్డు కరిగించే సాల్వెంట్‌లో ముంచిన దూదిపుల్లతో, ఒక్కో మరకా అద్ది అద్ది తీశాను. మసిసిరా చెక్కుచెదరలేదు, జిడ్డు మాత్రం పోయింది. బూజు పని అయ్యేసరికే జనవరి ఆఖరు, అక్కణ్ణుంచి ఆరు వారాల్లో ముప్పై ఒక్క ఆకులు. ఆ మరకలు అంచుల్లో లేవు. చేత్తో పట్టుకుంటే జిడ్డు అంచులకు అంటాలి కదా. ఇవి అక్షరాల నెత్తిన, వరుస మధ్యలో ఉన్నాయి. కొన్ని బొటనవేలంత, కొన్ని చిక్కగా, కొన్ని పల్చగా. ఇదంతా నేను చూశాను. చూసి, వింతగా ఉందే అనుకుని, మళ్లీ దూదిపుల్ల ముంచాను. తెలియక చేశాను అంటే సరిపోయేది. కళ్లారా చూస్తూ చేశాను, అదే నన్ను తినేస్తోంది.

ఫిబ్రవరిలో డెచెన్ తండ్రిని తీసుకుని లైబ్రరీకి వచ్చింది. అయినంతవరకు చూపించి, ఒకటి రెండు పాటలు రికార్డు చేసుకుందామని. గోంపో తాత పొట్టి మనిషి, రెండు స్వెట్టర్లు, కళ్లలో శుక్లాలు. ఒకప్పుడు బైలకుప్పెలో మొక్కజొన్న పండించిన చేతులు. డెచెన్ ఫోను బల్ల మీద పెట్టింది. ఆయన మొదటి ఆకు తీసుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలు వరుస మీద ఆనించి ఎత్తుకున్నాడు. ఆ పొట్టి మనిషిలో అంత గొంతు ఉంటుందని నేననుకోలేదు. రెండో వరుసలో వేలు ఆగింది. కొంచెం ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగాడు. రెండో ఆకు, మూడో ఆకు, అదే తంతు. చివరికి ఆకులు సర్ది పక్కన పెట్టి, నా వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మీరు ఇంత కష్టపడి బాగుచేసినారు. తప్పు నాదేనమ్మా. నాకు మతి పోతాంది" అన్నాడు, కన్నడంలోనే.

డెచెన్ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. నాకు ఆయన మీద జాలేసింది. పెద్దతనం, పాపం, అనుకున్నాను. ఇంటికి వెళ్లి సుబ్బరంగా భోంచేశాను.

మూడు వారాలయ్యాక చలపతి చెప్పాడు. డెచెన్ సెలవులు పెడుతోందట. తండ్రిని వాళ్ల డాక్టరు మతిమరుపు పరీక్షలు చేసే మెమరీ క్లినిక్‌కు పంపాడట. అక్కడ గడియారం గీయమన్నారు, ఈరోజు ఏ వారం అని అడిగారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. టిబెటన్‌లోకి అనువాదం చెయ్యడానికి ఫోనులో ఎవరినో పెట్టారు, ఆ పెట్టినతనికి ఈయన యాస రాదు. మార్కులు తక్కువొచ్చాయి. అప్పటినుంచి డెచెన్ ఆయన్ను ఒంటరిగా బయటికి పంపడం లేదు, పొయ్యి ముట్టుకోనివ్వడం లేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకుని లేవడం లేదట. పాట మాటెత్తితే, పోయిందమ్మా, వదిలెయ్ అంటున్నాడట.

మర్నాడు పనిలో ఉండగా డెచెనే ఫోను చేసింది. ఆకులు ఇంకెన్నాళ్లు పడుతుంది అని అడగడానికి. మాటల్లో మాటగా, ఇంట్లో ఎప్పుడు పాడినా నాన్న వేలు ఆకు మీద జారుకుంటూ పోయేది అక్కా, ఎక్కడ ఆగాలో ఆ వేలికే తెలిసినట్టు ఉండేది, ఇప్పుడు ఆ వేలు కూడా మర్చిపోయింది అని ఏడ్చింది.

నా ముందు ముప్పై రెండో ఆకు ఉంది. ఇంకా ముట్టుకోనిది. చేతిలో దూదిపుల్ల. ఫోను పెట్టేసి, చేతి తొడుగు తీసి, కళ్లు మూసుకుని బొటనవేలు వరుస మీద ఆనించాను. కాయితం గరుకుగా ఉంది. గరుకు, గరుకు, ఒకచోట నున్నగా. మళ్లీ గరుకు, మళ్లీ ఒకచోట ఇంకా నున్నగా, లోతుగా. ముప్పై ఒకటో ఆకు మీద అలాగే వేలు నడిపించాను. మొదటినుంచి చివరిదాకా ఒకే గరుకు.

నేరుగా హెలెన్ గదికి వెళ్లాను. చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, ఇంట్రెస్టింగ్ అంది. అది నీ ఊహే కదా అంది. ప్రదర్శన పన్నెండు రోజుల్లో ఉంది, పత్రికల వాళ్లు వస్తున్నారు, అది అయ్యేదాకా ఆ కుటుంబానికి ఏమీ చెప్పొద్దు అంది. తర్వాత గొంతు ఇంకా మెత్తగా చేసి ఒక మాటంది.

"ఆయన్ను ఎలాగూ మతిమరుపుకు పరీక్షిస్తున్నారు కదా. నిజంగా అదే కారణమై ఉండొచ్చు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట తప్పని కాదు. ముప్పై ఒక్క ఆకులు పాడుచేసి, ఆ పాపం ఎనభై ఏళ్ల మనిషి బుర్రకు అంటగట్టడం ఎంత సులువో, ఎంత హాయో ఆమెకు అరక్షణంలో తట్టినందుకు. మూడు వారాల కిందట నేను చేసింది కూడా అదే. ఆమె నోట విన్నాక నా జాలి ఎలాంటిదో నాకు కనపడింది. ఆమె కంప్యూటరు తిప్పి మరమ్మతు నివేదిక చూపించింది. 'పైపై మురికి తొలగింపు, నష్టం ఏమీ లేదు, మా బృందం' అని ఉంది. సంతకం చెయ్యమంది.

నేను అరవలేదు. నా గురించి తెలిసినవాళ్లు ఈ మాట నమ్మరు. నేను చేయను అని ఒక్క మాట చెప్పి బయటికొచ్చి డెచెన్‌కు ఫోను చేశాను. పుస్తకం వెంటనే తిరిగివ్వమని లైబ్రరీకి ఈమెయిల్ పెట్టు, ఇప్పుడే, ఎందుకని అడక్కు అన్నాను. యజమాని ఏ రోజు అడిగితే ఆ రోజు ఇచ్చెయ్యాలని ఫారంలో ఉంది. ఇచ్చేటప్పుడు కావలసింది పని చేసిన మనిషి సంతకం, అంటే నాది. నివేదికలో ఆ వాక్యం కొట్టేసి, ముప్పై ఒక్క ఆకుల మీది వాడుక గుర్తులు నేను తుడిచేశాను అని రాసి, కింద నా పూర్తి పేరు రాశాను. ఎనభై నాలుగు ఆకులూ చెక్కల మధ్య పెట్టి, పట్టుబట్టలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ట్రామ్ ఎక్కాను. రెండు స్టాపులు దాటేలోగా హెలెన్ నాలుగుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు.

డెచెన్ తలుపు తీసింది. నా మొహం చూసి పక్కకు తప్పుకుంది. లోపలి గదిలో గోంపో తాత గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ గోడ మీద నల్లగా చెమ్మ. లేపి కూర్చోబెట్టి, ముప్పై రెండో ఆకు చేతిలో పెట్టాను. వద్దమ్మా అన్నాడు. పాడొద్దు తాతా, ఊరికే పట్టుకో అన్నాను. పట్టుకుంటే బొటనవేలు దానంతట అదే వరుస మీదకు వెళ్లింది. నున్నటి చోట ఆగింది. ఆయన ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు.

ఆ ఆకు మొత్తం పాడాడు. ఎక్కడా తడబడలేదు. ఒకచోట గొంతు అలాగే పట్టి ఉంచాడు, నేను ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. డెచెన్ గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. ముగిశాక ముప్పై ఒకటో ఆకు ఇచ్చాను. వేలు నడిచింది, తడుముకుంది, ఆగిపోయింది. ఆయన మొహం మళ్లీ వాడిపోతుంటే నేనింక చూడలేకపోయాను.

"నీ మతి ఏం పోలేదు తాతా. గుర్తులు పోయినాయి. నేనే తుడిచేసినా" అన్నాను.

అర్థం కానట్టు చూశాడు. మళ్లీ చెప్పు అన్నాడు. చెప్పాను. కూతురికి వినపడేట్టు ఇంకోసారి చెప్పు అన్నాడు. చెప్పాను. మూడోసారి చెబుతున్నప్పుడు ఆయన కళ్లవెంట నీళ్లు కారాయి. అది దుఃఖం కాదు. మతి స్థిరంగానే ఉందని తెలిసిన మనిషి కన్నీళ్లవి. అవి చూసి నేను సిగ్గుతో చితికిపోయాను.

తర్వాత ఆయనే చెప్పాడు. వాళ్ల దీపాల్లో నూనెకు బదులు వెన్న వేస్తారు, పాట నేర్పే మనిషి ఆ వెన్నలో వేలు ముంచి, గొంతు ఎక్కడ నిలపాలో అక్కడ ఆకు మీద అద్దుతుందట. ఎక్కువసేపు నిలపాలంటే ఏటేటా మళ్లీ మళ్లీ అద్దుతుంది. ఎంత చిక్కగా ఉంటే అంతసేపు. రాసింది మాటలు మాత్రమే, పాట అంతా ఆ వెన్నలోనే ఉంది. అడుగున ఆయన అమ్మమ్మ వేలు, దాని మీద అమ్మ వేలు, దాని మీద ఈయన వేలు. ఈ సంగతి నేర్చుకోవడానికి కూర్చున్న మొదటి రోజు చెబుతారట. డెచెన్ ఎప్పుడూ కూర్చోలేదు.

ఆయన కూతురి వైపు తిరిగి, నాకూ తెలిసేట్టు కన్నడంలోనే అడిగాడు.

"నువ్వు చూడలేదా, ఈమెకు ఇచ్చేటప్పుడు?"

"మురికి అనుకున్నా నాన్నా. అక్కకు సారీ చెప్పినా."

"మా అమ్మ వేలికి నువ్వు సారీ చెప్పినావా?"

డెచెన్ కింద కూర్చుండిపోయింది. నిజానికి ఆ దెబ్బ నాకు తగలాల్సింది. ఆ పిల్ల సిగ్గును పట్టుకుని, దాన్నే అనుమతి అనుకుని, ఆరు వారాలు దూదిపుల్లలు అరగదీసింది నేను. ఆ మాటే చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు.

ఎన్ని ఆకులు అని అడిగాడు. ముప్పై ఒకటి అన్నాను. గుర్తున్నంతవరకు మళ్లీ వేలు అద్దమని, నా ఫొటోల్లో కూడా కొన్ని మరకల జాడ ఉందని, ఇద్దరం కూర్చుని చూద్దామని గడగడా చెప్పుకుపోయాను. బాగుచేసే మనిషిని కదా, పాడుచేశాక కూడా నా నోరు బాగుచేసే మాటలే మాట్లాడుతోంది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తెలిసిన చోట అద్దుతా. తెలియని చోట మా అమ్మ పేరు మీద అబద్ధం అద్దను. నీ పేరేమి?"

మంగ అన్నాను. పూర్తి పేరు చెప్పమన్నాడు. అలివేలుమంగ అన్నాను. రెండుసార్లు లోలోపల అనుకున్నాడు, మూడోసారి పైకి, తప్పు లేకుండా పలికాడు. కూతుర్ని ఫోను తెమ్మన్నాడు. వంటింట్లోంచి వెన్న కూడా తెమ్మన్నాడు.

మొదటి ఆకు తీసుకుని ఎత్తుకున్నాడు. తెలిసిన చోట ఆగి, వెన్న అద్ది, గొంతు నిలిపి ముందుకు సాగాడు. రెండో వరుసలో, ఆ రోజు లైబ్రరీలో ఆగిపోయిన చోటే, మళ్లీ ఆగాడు. రాగం తెగకుండా అదే గొంతుతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. నాకు అర్థమైంది ఒక్క ముక్కే, నా పేరు. ఏమన్నాడని డెచెన్ వైపు చూశాను. తల దించుకుని చెప్పింది. ఇక్కడ ఎంతసేపు నిలపాలో తెలియదు, అలివేలుమంగ తుడిచేసింది, అన్నాడట.

ఆ ఒక్క ఆకులోనే ఐదుసార్లు అన్నాడు. డెచెన్ ఫోను ఆపి, ఆ మాటలు తర్వాత తీసేస్తాను నాన్నా అంది, నా మొహం చూసి. ఆయన ఒప్పుకోలేదు. ఒకసారి తీసేసింది చాలు, ఇప్పుడు ఇదీ పాటే, నువ్వు ఇట్లనే నేర్చుకోవల్ల, నీ పిల్లలకు ఇట్లనే నేర్పల్ల అన్నాడు. ఫోను మళ్లీ పెట్టించాడు.

నేను లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. రెండో ఆకు పెళ్లికూతుర్ని సాగనంపే పాట. ఒక వరుస ఆయన పాడుతున్నాడు, ఆ వరుసే కూతురితో పాడిస్తున్నాడు. నా పేరు వచ్చినచోట డెచెన్ ఆగిపోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, బొటనవేలు ఆ ఖాళీ చోట ఆనించి, మళ్లీ మొదటినుంచి పాడించాడు. మూడో ఆకుకు వచ్చేసరికి ఆమె ఆగడం లేదు. తండ్రి గొంతుతో గొంతు కలిపి, అదే రాగంలో, నా పేరు కూడా పాడుతోంది.